ఎన్ని చుట్లు

నజ్జరేనా వంటింటి బల్ల మీద
గిటారు పడుకోబెట్టాడు తోబియా.
దానిమ్మ గింజ ఎరుపు. తల దగ్గర వెండి బల్లి.
"గుర్తుపట్టారా?" అన్నాడు.
ఆమె ముందు బల్ల మీది పిండి తుడిచింది,
తర్వాత కళ్లద్దాలు.

అరవై నాలుగులో
ఆడ్రియాటిక్ గాలి కొట్టే ఈ కొండ ఊళ్లో
అకార్డియన్లు అమ్ముడుపోవడం మానేశాయి.
పెళ్లిళ్లలో కూడా కుర్రాళ్లకి కరెంటు తీగలే కావాలి.
ఎల్వేజియో షెడ్డు నిండా మిగిలిపోయింది
ముత్యపు చిప్పలా మెరిసే ప్లాస్టిక్ రేకు.
పారేయడానికి చెయ్యి రాక
గిటార్లకు తొడిగించాడు.
ఆ పిసినారితనాన్నే ఇప్పుడు
కళాదృష్టి అంటున్నారట, మిలాన్‌లో.

పేరు లుచెర్తోలా. అంటే బల్లి.
అసలైన గిటారు కొనలేనివాళ్ల గిటారు.
సబ్బులూ సైకిలు ట్యూబులూ అమ్మే కొట్లో
వాయిదాల మీద ఇచ్చేవారు.
వానలకి మెడ వంగేది, ఎండలకి అలిగేది.
మంచిది కొనే రోజు వచ్చేదాకా
వేళ్లకి అలవాటు పడ్డానికని కొనేవారు.
ఆ రోజు చాలామందికి రాలేదు.

తోబియా కొన్నది ఫ్యాక్టరీని కాదు,
అది టైర్ల గోడౌనైంది.
యంత్రాల్నీ కాదు, అవెప్పుడో తూకానికి పోయాయి.
నోటరీ దగ్గర సంతకం పెట్టి
ఒక పేరు కొన్నాడు, ఒక బల్లి బొమ్మ కొన్నాడు.
"తెగిన తోక మళ్లీ మొలుస్తుంది కదండీ" అని నవ్వాడు.
"మొలుస్తుంది," అంది నజ్జరేనా,
"దాన్లో ఎముక ఉండదు."

అతను నోటుపుస్తకం తెరిచాడు.
"పికప్పులు చుట్టింది మీరేనట.
ఎన్ని చుట్లు చుట్టేవారు?
పాతవి పదకొండు విప్పి చూశాను,
ఏ రెండింటికీ లెక్క కుదరలేదు."

లెక్కా!
కుట్టుమిషను మోటారు, దానికో ఇరుసు,
వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ.
రేడియోలో నాటకం నడిచినంతసేపు చుట్టడం,
ప్రకటన రాగానే తెంపి కొత్తది ఎత్తుకోవడం.
గురువారాలు కథ మంచి పట్టులో ఉండేది,
చెయ్యి ఆగేది కాదు.
గురువారం గిటార్లు కాస్త గట్టిగా అరిచి ఉంటాయి.
ఇరీదే పెళ్లి తప్పిపోయిన వారమైతే
అందరం మాటల్లో పడ్డాం,
ఆ వారంవన్నీ వదులు.

తోబియా రాసుకుంటున్నాడు.
'గురువారం' అని కూడా రాసుకున్నాడు,
కింద గీత గీశాడు.

"ధరెంత పెట్టావు?"
చెప్పాడు.
ఆమె పింఛను రెండు నెలలది.
"చవగ్గా చెయ్యడానికే గదయ్యా
మేం అంత అవస్థ పడింది!"
అతను నేల చూశాడు. చవగ్గా కనబడాలంటే
ఇప్పుడు చాలా ఖర్చవుతుందన్నాడు.
ఆ రేకు ఎవరూ పోత పొయ్యడం లేదు.
వంతెన కింద మూడో స్క్రూ వంకర చూశారా,
అంతే వంకరగా పడాలని కంప్యూటరుకి నేర్పించాల్సొచ్చింది.

ఆ వంకర గాస్పరేది.
ఐదూ పదికి ఆఖరి బస్సు, ఎప్పుడూ పరుగే.
మనిషి పోయి తొమ్మిదేళ్లు.
అతని తొందర మాత్రం
రెండు వందల గిటార్లలో
తీరిగ్గా కూర్చుని ఉంది.

సంచిలోంచి చిన్న ఆంప్లిఫయరు తీశాడు,
టోస్టరు ప్లగ్గు పీకి దీనిది పెట్టాడు.
గుయ్‌మని సన్నటి ఈగ మోత.
"వాయించనా?" అడిగాడు.
వద్దన్నట్టు చెయ్యి ఊపింది.
వాళ్లకి వాయించేంత తీరిక ఎప్పుడుంది,
ఆమె ఉన్న గదిలో తీగలే ఉండేవి కావు.
ఆమెకి తెలిసిన పరీక్ష ఒక్కటే.

"స్క్రూడ్రైవరు ఉందా?"

దాని మొనతో పికప్పు మీద తట్టింది.
టక్.
ఆంప్లిఫయరు లోపలినుంచి ఎవరో తలుపు తట్టినట్టు
టక్.
ఇంకోసారి, చెవి కాస్త వంచి.
కళ్లద్దాలు తీసి జేబులో వేసుకుంది,
గిటారుని బల్ల మీద ఎడమవైపుకి జరిపింది,
చూడకుండానే
కుడిచెయ్యి చాపింది
తర్వాతదాని కోసం.